ఎడమచేతి అధ్యాయం

తాను స్వయంగా చేసి చూడనిదే ఒక్క వాక్యం కూడా రాయరు. అనుభవం గారికున్న జబ్బల్లా అదొక్కటే.

కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ "రాయాలంటే అనుభవం కావాలండీ, అనుభవం!" అని కనిపించిన ప్రతివాళ్ళతోనూ అనీ అనీ వీధిలో ఆ పేరే స్థిరపడిపోయింది. ఆయన స్వతంత్ర నవలా రచయిత. అంటే ఏ ప్రచురణకర్తా ఆయన రాతలో జోక్యం చేసుకోడు. చేసుకోమని కాళ్ళావేళ్ళా పడినా చేసుకోలేదు. సొంతంగా అచ్చు వేయించుకున్న పుస్తకాలు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చి, ఇక ఇల్లు కదలవు. ఒక నవల మీద టీవీ ఉంది. ఇంకో నవల మీద చుట్టాలు కూర్చుంటారు.

"నా పుస్తకాలకి ఆదరణ లేదని ఎవరన్నారు? మొన్న మీ పిన్ని దాని మీంచి లేవనే లేదు" అంటారు భార్యతో.

ప్రూఫులు దిద్దేది ఆవిడే. ఎర్రపెన్ను పట్టుకుంటే కామా కూడా తప్పించుకోలేదని ఆవిడకి గర్వం. "నా కళ్ళు కప్పడం మీ తరం కాదు" అని ఆయనతో తరచూ అంటూ ఉంటుంది.

ఒకసారి ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కనిపించలేదు. బట్టల బీరువాలోంచి మాత్రం దగ్గు వినిపించింది.

"ఏమండీ, లోపల ఉన్నది మీరేనా?"

"నేనే. తలుపు తీయకు. కథలో దొంగ బీరువాలో దాక్కున్నాడు. భయం ఇంకా సరిగ్గా రాలేదు."

"పొద్దున్నుంచీ అందులోనే ఉన్నారా?"

"ఆ. భయం రాలేదు గానీ ఆకలి వచ్చింది. అదీ పనికొస్తుందిలే."

తీరా ప్రూఫుల్లో చూస్తే, ఆ అనుభవమంతా కలిపి 'దొంగ బీరువాలో దాక్కున్నాడు' అన్న ఒక్క వాక్యం. ఆకలి ఊసే లేదు.

మరో నవలలో కథానాయకుడు సగం మీసంతో సెలూన్ నుంచి పారిపోతాడు. ఇంకేముంది, అనుభవం గారు సగం మీసం తీయించుకుని వీధిలో పరుగు లంకించుకున్నారు. సెలూనతను కత్తెరతో సహా వెంటపడ్డాడు. "అయ్యా, మీకు పుణ్యముంటుంది, ఆ మిగతా సగం కూడా ఇచ్చేయండి! చూసినవాళ్ళు మిమ్మల్ని ఏమీ అనరు, నన్నంటారు!"

ఇలా ఉండగా ఆవిడ తండ్రి వచ్చి వాళ్ళింట్లో ఉండసాగారు. పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి. మాటా నడకా తిరిగొచ్చాయి గానీ, కుడిచెయ్యి మాత్రం చచ్చుబడిపోయింది. ఏళ్ళ తరబడి గడియారాలు బాగుచేసిన చెయ్యి అది. ఎడమచేత్తో చెంచా ఎత్తితే బఠానీలు బల్లంతా దొర్లేవి. అది భరించలేక పెద్దాయన కంచం తన గదిలోకి తెప్పించుకుని తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు. కూతురు బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది.

"అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఒలకబోసుకోలేనమ్మా. నన్నిలా వదిలెయ్" అన్నారాయన. కంచం సగం నిండుగానే బయటికొచ్చేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతున్నారు. ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు.

సరిగ్గా ఈ సమయం చూసుకుని అనుభవం గారు కుడిచెయ్యి మెడకి కట్టేసుకుని భోజనాల బల్ల దగ్గర ప్రత్యక్షమయ్యారు.

"ఇదేం వేషం?" అంది ఆవిడ.

"కొత్త నవలలో ఎడమచేత్తో తినే మనిషొకడున్నాడు. ఆ అధ్యాయం అయ్యేదాకా ఇంతే."

"నాన్న అలా ఉంటే మీకిది ఆటగా ఉందా? సిగ్గు లేదూ?"

"సిగ్గుంటే నవలలు రాస్తానా?" అంటూ ఆయన చెంచా ఎత్తారు. బఠానీ ఒకటి ఎగిరి ఆవిడ మంచినీళ్ళ గ్లాసులో పడింది. ఇంకొకటి ఆయన చొక్కా జేబులోకే వెళ్ళింది. ఆయన లేచి గది తలుపు తట్టారు.

"మామయ్యగారూ, ఒక్కసారి రండి. ఈ విద్యలో మీరు నాకంటే సీనియరు. చెంచా ఎలా పట్టుకోవాలో చెప్పకపోతే నా నవల ఆగిపోయేలా ఉంది!"

లోపల కంచం కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత తలుపు తెరుచుకుంది. పెద్దాయన అల్లుడి చొక్కాని ఎగాదిగా చూశారు.

"అలా కాదయ్యా. వాటి వెంటపడితే దొరకవు. కంచం అంచుకి తోసి, అక్కడ అందుకోవాలి" అంటూ కుర్చీ లాక్కున్నారు.

అప్పట్నుంచి పూటపూటా పాఠమే. గురువుగారి చెయ్యి కుదురుకుంది, కంచం ఖాళీ కాసాగింది. శిష్యుడు మాత్రం తన నవలల అమ్మకాల్లాగే ఎక్కడున్నవారు అక్కడే ఉన్నారు. తండ్రి పకపకా నవ్వుతుంటే ఆవిడకి సంతోషం. మొగుడి చొక్కాలు ఉతకలేక ఒళ్ళుమంట.

అవతల ప్రెస్ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. "ఆ అధ్యాయం ఒక్కటే కుదరడం లేదు" అని ఆయన వాయిదా వేస్తూ పోయారు. పుస్తక ప్రదర్శనలో జన్మానికొకసారి దొరికిన స్టాలు కాస్తా చేజారింది. ఇక ఆవిడకి ఓపిక నశించింది. ఆయన ఇంట్లో లేని ఒక సెలవురోజు, ఆ దిక్కుమాలిన అధ్యాయమేదో తానే ముగించి పారేద్దామని రాతప్రతి తీసి కూర్చుంది.

నవల ఎప్పుడో పూర్తయిపోయింది. చివర 'సమాప్తం' అని రాసి కింద గీత కూడా గీశారు. ఎడమచేత్తో తినే మనిషి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేడు.

ఎర్రపెన్ను చేతిలో అలాగే ఉండిపోయింది. కామాలు పట్టుకునే కళ్ళు! రోజూ ఎదురుగా కూర్చుని చొక్కా పాడుచేసుకునే మనిషిని పట్టుకోలేకపోయాయి. తన తెలివికి తనకే నవ్వొచ్చింది. ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

ఆయన ఇంటికి రాగానే అడిగింది. "ఆ ఎడమచేతి మనిషి ఏడండీ?"

అనుభవం గారు తెల్లమొహం వేశారు. "కొట్టేశాను. పాత్ర బలంగా రాలేదు."

"దానికోసం స్టాలు వదులుకున్నారా?"

"పోతే పోయిందిలే. ఉన్నా కొనేదెవరు? మామయ్యగారికి మాత్రం చెప్పకు. మళ్ళీ తలుపు వేసుకుంటారు."

ఆ పూట భోజనాల దగ్గర ఆవిడ చెంచా ఎడమచేతిలోకి మార్చుకుంది. మొదటి బఠానీ ఎగిరి మొగుడి నుదుటికి తగిలింది.

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఏమ్మా, నువ్వు కూడా ఆ లేని అధ్యాయమే రాస్తున్నావా?"

అనుభవం గారి చెంచా కిందపడింది. "మామయ్యగారూ! మీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. తెలిసి మాత్రం ఏం చెయ్యను? అంత అధ్వాన్నంగా తినేవాణ్ణి నీ ఖర్మ అని వదిలేసి నేను గదిలో కూర్చోగలనా? ఊఁ, చెంచా తియ్యి. ఎడమచేత్తో."