నూట ముప్పై ఏడో బాబిన్

పరీక్షశాలలో ఎవరి కాగితంలోనైనా ఒక అంకె మిగతావాటికి పొంతన లేకుండా కనబడితే, గణాంకాలు చూసే మేడమ్ దాన్ని కొట్టెయ్యదు. కాగితం పట్టుకుని, అది రాసిన మనిషి దగ్గరికే వెళ్తుంది. రెండంతస్తులు దిగాల్సి వచ్చినా సరే.

"అదిగో, మేడమ్ వస్తోంది. ఒట్టు వెయ్యడానికి రెడీగా ఉండు," అని కింద సిమెంటు దిమ్మలు పరీక్షించేవాళ్లు నవ్వుకుంటారు.

"ఇది నువ్వు కళ్లారా చూసిందేనా?" అని అడుగుతుంది. చూసిందే అంటే, కాగితం తిప్పి వెనకవైపు చూస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. అయినా తిప్పుతుంది.

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఆమెకు ఈ అలవాటు లేదు.

గణిత గణాంకశాస్త్రంలో సీటు వచ్చినప్పుడు అదేం చదువో ఇంట్లో ఎవరికీ తెలియదు. అన్నయ్య నూలు మిల్లులో దారం గట్టితనం కొలిచే పనిలో ఉండేవాడు.

"లెక్కలే అన్నయ్యా. కాకపోతే ఎంత తప్పు ఉండొచ్చో ముందే ఒప్పుకుని చేసే లెక్కలు," అంది.

"ఆ ఒప్పుకోవడమేదో మా సూపర్‌వైజరుకి కాస్త నేర్పవే."

మిల్లులో అతన్ని దశాంశం అని పిలిచేవారు. మిగతావాళ్లు మూడొందల పది గ్రాములని రాసి వదిలేసే చోట, అతను పాయింటు తర్వాత రెండంకెలు కూడా రాసేవాడు.

రెండో ఏడాది ఆమె థీసిస్ కోసం అతను సూపర్‌వైజరును బతిమాలుకుని, నెల రోజులు డ్యూటీ అయ్యాక గంటసేపు ఆగిపోయి, రెండొందల బాబిన్ల మీద చుట్టిన దారం తెంపి చూశాడు. ఒక్కోటి ఎంత బరువు దగ్గర తెగిందో గీతల కాగితాల మీద రాసి తెచ్చాడు. "ఎక్కడైనా అనుమానం వస్తే నన్నడుగు," అన్నాడు.

నూట తొంభై తొమ్మిది అంకెలు బుద్ధిగా మూడొందల చుట్టూ నిలబడ్డాయి. నూట ముప్పై ఏడోది మాత్రం నూట ఎనభై ఏడు చిల్లర. అది ఉంటే గీసిన రేఖకు ఎడమవైపు తోక వస్తోంది. ఆమె ఎంచుకున్న పద్ధతి పనికిరాకుండా పోతోంది. తీసేస్తే చక్కని గంట ఆకారం. థీసిస్ బైండింగుకి ఇవ్వడానికి రెండు రోజులే ఉన్నాయి.

గైడు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "తీసేయొచ్చమ్మా. కానీ కారణం రాయాలి. కొలిచినాయన్ని అడిగావా?"

"అడిగాను సార్. రాయడంలో పొరపాటట."

అడగలేదు. సాయంత్రం అన్నయ్య ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నాడు. అడిగితే కరెక్టే అంటాడేమోనని అడగలేదు. నలభై ఒకటో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, కొలిచిన వ్యక్తి అజాగ్రత్త వల్ల తప్పుగా నమోదైన ఒక విలువను తొలగించామని టైపు చేసింది.

ఫస్ట్ క్లాసు వచ్చింది. బంగారు అక్షరాల అట్ట ఉన్న ఆ పుస్తకాన్ని అన్నయ్య పాత పేపర్లో చుట్టుకుని మిల్లుకి పట్టుకెళ్లాడు. సాయంత్రం తెచ్చి బీరువాలో పెట్టేశాడు.

"ఏమన్నారు?"

"బావుందన్నారే."

ఆ నెలలోనే అడిగి మరీ ప్యాకింగుకి మారాడు. నిలబడి కొలవలేకపోతున్నానన్నాడు. ప్యాకింగు కూడా నిలబడి చేసే పనే. అది ఆమెకు తట్టలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత ఒక ఆదివారం, ఉతికిన బట్టలు మడతపెడుతూ వదిన నోరు జారింది.

"నీ పుస్తకం మిల్లుకెందుకు తీసుకెళ్లాడనుకున్నావు? ఒక కదురు వంగిపోయి దాని దారం ఇట్టే తెగిపోతోందని మీ అన్నయ్య అప్పటికే రెండుసార్లు మొత్తుకున్నాడు. సూపర్‌వైజరు విన్లేదు. మా చెల్లెలి పుస్తకంలో ఆ అంకె ఉంటుంది, చూపిస్తానని వెళ్లాడు. ఆయన అందులో ఇంగ్లీషు చదివి అందరి ముందూ అర్థం చెప్పాట్ట. నీ చెల్లెలే నిన్ను అజాగ్రత్త మనిషివని అచ్చు వేయించింది కదరా దశాంశం, అని."

ఆమె చేతిలోని దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

"ఆ బాబిన్ని మూడు చోట్ల తెంపి చూశాట్ట. మూడుసార్లూ అంతేనని కాగితం వెనకాల రాశాట్ట. హడావిడిలో చూసుండదులే పాపం అన్నాడు. నేను చెప్పానని అనకు తల్లీ, ఒట్టేయించుకున్నాడు."

థీసిస్‌తో పాటు ఇచ్చిన ఆ కాగితాలను డిపార్టుమెంటువాళ్లు ఎప్పుడో తూకానికి వేసేశారు. ఆమె బీరువాలోంచి పుస్తకం తీసి, నలభై ఒకటో పేజీలో ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, గుర్తున్నంతలో అంకె రాసింది. అన్నయ్య బజారు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే పేజీ తెరిచి అందించింది.

అతను కళ్లజోడు వెతుక్కుని చూశాడు. వదిన వంక ఒకసారి చూశాడు. మళ్లీ పేజీ చూశాడు.

"పాయింటు తర్వాత నలభై ఐదు కాదే. నలభై ఆరు."

ఆమె దిద్దింది. "ఆ కదురు ఏమైందన్నయ్యా?"

"మరుసటి సంవత్సరం మార్చార్లే. నేను చెప్పానని కాదు." కళ్లజోడు తీస్తూ, "లైబ్రరీలో ఇంకో కాపీ ఉంటుందన్నావు కదూ?" అన్నాడు.

"ఉంది. దాని మీద ఏమీ రాయనివ్వరు."

"ఊఁ," అన్నాడు. పుస్తకం మూసి, అట్ట మీది దుమ్ము అరచేత్తో తుడిచి, బీరువాలో ఎప్పుడూ ఉండేచోటే పెట్టేశాడు.