పెదాల మీది పాట

నిన్న సాయంత్రం పక్కింటి కోడలు నాలుగు కాగితాలు పట్టుకుని వచ్చింది. ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షకు కూర్చుంటుందట, జవాబులు సరిచూసిపెట్టమంది. బతుకుదెరువుకు వలస వచ్చిన తెలుగువాళ్లుండే పర్వత్ పాటియాలోని మా సందులో ఎవరికి ఇంగ్లిష్‌తో పని పడ్డా నా తలుపే తడతారు. హజీరాలో ఒక కంపెనీ డిస్పాచ్ సెక్షన్లో ముప్పై ఏళ్లు ఉత్తరాలు టైపు చేసినవాణ్ణి. కంపెనీ రిటైర్మెంటు ఇచ్చింది గానీ ఈ సందు ఇవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. మీ ఊరి గురించి చెప్పండి, బాగానే రాసుకుంది. మీ ఇంటి గురించి చెప్పండి, అదీ ఫరవాలేదు. మూడో ప్రశ్న, మీకు ఎలాంటి సంగీతం ఇష్టం, ఎందుకు? కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాను. ఇదొక్కటి ఇంకెవరినైనా అడగమన్నాను. ముసలాయనకు ఏదో గుర్తొచ్చి మనసు బాగా లేదనుకుందో, లేక ఈయనకు వచ్చిన ఇంగ్లిష్ ఇంతేననుకుందో, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. రెండోదే అనుకుని ఉంటే నాకు అంతకన్నా హాయి లేదు.

ఇదే ఊళ్లో, వడోద్‌లో మా అక్క ఇల్లు. బావ అక్కడికి దగ్గర్లోనే ఒక సేఠ్ కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. కరీంనగర్ దిక్కు పల్లె నుంచి మీసాలు రాకముందే వచ్చాడు. ఆ రేకుల షెడ్డులో వందకు పైగా సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని లోపల ఎవరూ అరవరు. గొంతు ఖర్చు పెట్టకుండా పెదాలతో మాత్రమే, ఒక్కొక్క అక్షరాన్ని విడదీసి మాట్లాడతారు. చూసి చదువుకోవాలి, అంతే. రెండు వరసల అవతల నిలబడ్డ మనిషితో కూడా ఇంట్లో కూరేమిటో, పెళ్లాం పుట్టింటినుంచి వచ్చిందో లేదో మాట్లాడుకోవచ్చు. సేఠ్‌ను తిట్టడానికీ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, ఎదురుగా నవ్వుముఖం పెట్టి అటు తిరిగి కానిచ్చేవారు. బావకు నలభై దాటేసరికి చెవులు మూడొంతులు పోయాయి. దాంతో ఆ షెడ్డు భాష ఇంటికి కూడా వచ్చేసింది. అక్క, మేనకోడలు, పండక్కి వెళ్లిన నేను, అందరం ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని పెదాలు కదిపేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లు ఈ ఇంట్లో ఇంత ప్రశాంతత ఏమిటని ఆశ్చర్యపోయేవారు. ప్రశాంతత కాదు అది, అక్క ఆ మౌనంలోనే ఆయన్ను చడామడా దులిపేస్తుండేది.

బావ ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. కార్ఖానాలో మాత్రం పాడేవాడు. నలుగురు అక్కల తర్వాత పుట్టినవాడు, వాళ్లమ్మ కొంగు పట్టుకుని బతుకమ్మ చుట్టూ తిరిగినవాడు, ఆయనకు వచ్చిన పాటలన్నీ అవే. మగవాడు ఆడవాళ్ల పాటలు పాడితే మావాళ్లు ఊరుకుంటారా? ఏడాదంతా చెప్పుకుని నవ్వుతారు. అందుకని ఎవరికీ వినబడని చోటు చూసుకుని పాడుకునేవాడు. గొంతు బయటికి వచ్చేదో లేదో ఆయనకే తెలియదు. మేనకోడలు చిన్నప్పుడు సెలవుల్లో మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళ్లి, ఆయన చూడకముందే గుమ్మం దగ్గర నిలబడి ఆ పెదాలనే చూసేదట. తెగిన పోగు అతుకుతూ, కండె మారుస్తూ, ఎదురుగా ఎవరూ లేకుండా కదిలే పెదాలు. చరణం చివర ఉయ్యాలో అన్న మాట వచ్చినప్పుడల్లా గుండ్రంగా అయ్యేవట. అట్లా ఆ పిల్ల ఆ పాటలన్నీ నేర్చుకుంది. రాగం తెలియదు, మాటలన్నీ తెలుసు.

ఆ పిల్ల నర్సింగు చదివింది. ఇక్కడే ఆసుపత్రిలో రెండేళ్లు చేశాక ఐర్లండులో ఒక ఆసుపత్రి వాళ్లు ఉద్యోగమిస్తామని కాగితం పంపారు. ఒక్కటే షరతు, ఆ నెల లోపల ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలి. రాయడం, చదవడం దానికి నల్లేరు మీద నడక. మాట్లాడటం కోసం ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని లాటుసాహెబులా ప్రశ్నలు వేసేవాణ్ణి. సంగీతం ప్రశ్న వచ్చినప్పుడు నేనే ఒక జవాబు రాసిచ్చాను. నాకు మృదువైన వాద్య సంగీతం ఇష్టం, అలసిన మనసుకు అది విశ్రాంతినిస్తుంది, ఇట్లా పన్నెండు వాక్యాలు. నా జన్మలో నేను వాద్య సంగీతమంటూ విన్నది ఫోనులో మమ్మల్ని ఆగమన్నప్పుడే. మేనకోడలు కాగితం చదివి మడత పెట్టింది. తర్వాత, "మామా, నాకు పానమసోంటి పాటను నేనెన్నడు చెవుతోని ఇనలే. గదే చెప్పొచ్చా?" అంది. నాకు చిరాకేసింది. "పరీక్షల మార్కులు నిజానికి రావు బిడ్డా, ఇంగ్లిష్‌కు వస్తయి. రాసిచ్చింది బట్టీ పట్టు," అన్నాను. పట్టింది. నిద్రలో లేపి అడిగినా చెప్పేట్టు పట్టింది.

పరీక్ష రోజు నేనే తీసుకెళ్లాను. ఎదురుగా మనిషి కూర్చుని అడిగే పరీక్ష కాదు. ఒక గదిలో పదిహేనుమందిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. ప్రశ్న తెరమీద వస్తుంది, మైకులో చెప్పాలి. అందరూ ఒకేసారి. నేను బయట బెంచీ మీద కూర్చుని ఒక వక్కపొడి పొట్లం ఖాళీ చేశాను. లోపలినుంచి వచ్చేటప్పుడు మేనకోడలి ముఖం వెలిగిపోతోంది. "మామా, నువ్వు రాసిచ్చింది చెప్పలే. బాపు పాట గురించి చెప్పిన. ఒక్క తప్పు పోలేదు," అంది. నాకు మండింది గానీ, దాని ముఖం చూసి మింగేశాను. అంతలో లోపలి కాపలా మేడం మెట్లు దిగివస్తూ దాని భుజంమీద చెయ్యి వేసి, "బేటా, గలా బైఠ్ గయా క్యా?" అని అడిగింది. గొంతు పోయిందా అని. చివర్లో నీ పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు, మధ్యలో వచ్చి చెప్పడానికి మాకు అనుమతి ఉండదు, అంది.

మేనకోడలు అక్కడే మెట్లమీద కూర్చుండిపోయింది. ఆటోలో ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెవులు మూసుకుపోయి, చుట్టూ పద్నాలుగు గొంతులు గుయ్యిమంటుంటే అచ్చం షెడ్డులో ఉన్నట్టే అనిపించిందట. ముందు ప్రశ్నలకు బట్టీ పట్టినవి వల్లించింది, వాటికి గొంతు ఉంది. సంగీతం ప్రశ్న రాగానే నేను రాసిచ్చింది పక్కన పెట్టి తను షెడ్డు గుమ్మంలో నిలబడ్డట్టు, ఎదురుగా నాన్న ఉన్నట్టు అనుకుందట. అంతే, నాన్న గురించి నాన్నతో మాట్లాడినట్టే చెప్పింది. ఒక్కొక్క అక్షరం విడదీసి, గొంతు లేకుండా. యంత్రానికి పెదాలు చదవడం రాదు కదా. ఆ ప్రశ్నా, దాని వెనక వచ్చిన ఇంకో రెండూ ఖాళీగా పోయాయి. వారానికి ఫలితం వచ్చింది. మిగతా అన్నిటిలో గట్టెక్కింది, మాట్లాడటంలో పోయింది. నెల దాటింది. ఐర్లండు ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది.

ఇక్కడిదాకా ఎవరికైనా చెప్పగలను. ఇక ముందుది చెప్పడానికే ఇంత చుట్టు తిరిగాను.

ఫలితం వచ్చిన రోజు మేనకోడలు గది తలుపు వేసుకుని తిండి మానేసింది. నేను కంపెనీ బస్సు దిగి నేరుగా కార్ఖానాకు వెళ్లాను. నా రాత వదిలేసి తన ఇష్టమొచ్చింది చెప్పిందన్న కోపం లోపల కుతకుత ఉడుకుతోంది. దాన్ని అనలేక వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. బావ నన్ను చూసి నవ్వాడు. పాడుతున్నవాడు ఆపి, ఏంది గిట్లొచ్చినవ్ అని పెదాలతో అడిగాడు. నేను చెప్పాను. "నీ పాటనే పిల్లను ముంచింది, బావా." అరిచి ఉంటే సగం వినబడేది కాదు, ఇంకేదో అన్నానని సర్దుకునేవాణ్ణి. అరవలేదు. ఆయనే నాకు నేర్పిన పద్ధతిలో, ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. చదువుకున్నాడు. తర్వాత పరీక్షలో జరిగిందంతా కూడా అడిగి తెలుసుకున్నాడు. జర ఆగు అన్నట్టు చెయ్యి చూపించి, ఆగిపోయిన సాంచె దగ్గరికి పోయి పోగు అతికాడు. అంతే.

మరుసటి రోజునుంచి బావ కార్ఖానాలో ముక్కూ నోరూ కలిపి రుమాలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. దుమ్ము అన్నాడు. ముప్పై ఐదేళ్లు లేని దుమ్ము ఆ ఒక్క రోజులో ఎక్కడినుంచి వచ్చిందని అక్క అడిగింది. వయసైతుంది కదా అన్నాడు. మేనకోడలు తర్వాతి ఏడు మళ్లీ పరీక్షకు కూర్చుంది, నా పన్నెండు వాక్యాలు గొంతెత్తి అప్పజెప్పి మంచి మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు వేరే దేశంలో ఉంది, బాగానే ఉంది. ప్రతి ఆదివారం తండ్రీ కూతుళ్లు వీడియో ఫోనులో చప్పుడు లేకుండా గంటసేపు మాట్లాడుకుంటారు. నాతో మాట్లాడినప్పుడు మాత్రం గొంతుతోనే, "మామా, బాపు కార్ఖానాల పాడుతుండా?" అని అడుగుతుంది. పాడుతుండు బిడ్డా అంటాను. నేను బావతో ఏమన్నానో దానికి ఈ రోజుకూ తెలియదు. అబద్ధం ఎట్లా చెప్పాలో దానికి నేర్పినవాణ్ణి నేనే కదా, నాకేం కష్టం.

పోయిన దసరాకు ముందు ఒకసారి ధైర్యం చేసి షెడ్డుకు వెళ్లాను. బావ ఎదురుగా నిలబడి, తప్పైంది బావా, రుమాలు తియ్యి, పాడు అన్నాను, పెదాలతోనే, అక్షరం అక్షరం విడదీసి. ఆయన నా ముఖంకేసి చాలాసేపు చూశాడు. కళ్లు నవ్వాయి. తర్వాత తన చెవి చూపించి, వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, సాంచాల మధ్యకు వెళ్లిపోయాడు. నలభై ఏళ్లుగా ఎవరి పెదాలమీదా ఒక్క మాట పోగొట్టుకోని మనిషి.

ఐదేళ్లు గడిస్తే కోపంలో అన్న మాట ఎవరికైనా చెరిగిపోతుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ, ఈ లోకంలో దాదాపు ఏదీ వినబడని మా బావకు నేనన్న ఆ ఒక్క మాట ఇంకా వినబడుతూనే ఉంది.