మా ఊరి పేరు మా నోటితోనే

ఇర్మ్‌ట్రూట్ పెష్ బస్సు తోలుతుందంటే మొదట్లో మా రైన్ నది పల్లపు ఊళ్ళలో నవ్వని మగాడు లేడు. "ఆడదాని చేతికి స్టీరింగా? చూస్తూ ఉండండి, స్టాపు దాటించి బీట్‌రూట్ పొలంలో దింపుతుంది!" అన్నారు. "పొలంలో దించినా ఆ పొలం పేరు చెప్పే దించుతాను. నోరు మూసుకుని ఎక్కండి," అంది ఇర్మ్‌ట్రూట్. అన్నట్టే ప్రతి స్టాపు ముందూ ఊరి పేరు గొంతెత్తి పిలిచేది. ఆ పిలుపు వినే మేం సంచులు సర్దుకునేవాళ్ళం.

పోయిన శీతాకాలంలో కంపెనీ వాళ్ళు బస్సుల్లో మాట్లాడే యంత్రం పెట్టారు. మా ఊరు ఎర్లెన్‌బ్రోఖ్. రాతలో 'ఓ' అక్షరం పక్కన ఒక 'ఇ' ఉంటుంది. అది ఆ 'ఓ'ని సాగదీయడానికే గానీ పలకడానికి కాదు. చివర్న ఖ్ గొంతు గీరుకుంటూ రావాలి. ఆ యంత్రం మాత్రం పంచదార పూసిన గొంతుతో "ఎర్లెన్‌బ్రోయిష్" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మానాన్నల్ని పూడ్చిన ఊరు అది!

ఇర్మ్‌ట్రూట్ మీట నొక్కి దాని నోరు మూసేసింది, ఎప్పటిలాగే తనే పిలిచింది. కంపెనీ నుంచి ఒక హెచ్చరిక, ఆ తర్వాత ఇంకొకటి వచ్చాయి. మూడోసారి దొరికితే ఉద్యోగం ఊడినట్టే.

"పోనీలేవే, ఊరుకో," అన్నాను నేనే ఒకరోజు. "ఈ వయసులో నీకింకెవరిస్తారు బస్సు?"

"ఊరుకుంటే రేపు నా పేరు కూడా దానికి నచ్చినట్టు పలుకుతుంది, గెర్డా," అంది.

వేషాలు కట్టి తిరిగే కార్నివాల్ పండగ ముందరి గురువారం వచ్చింది. ఆ రోజు మా దగ్గర ఆడవాళ్ళ రాజ్యం. టై కట్టుకుని కనబడిన మగాడి టై కత్తిరిస్తాం, వాడు కిక్కురుమనకూడదు. అందుకే మావాళ్ళు ఆ రోజు పాత టైలు వేసుకుంటారు. కంపెనీ అధికారి ఫోల్కెర్ట్స్ ఉత్తరాది మనిషి, మా ఆచారం తెలీదు. పాపం, పట్టు టై కట్టుకుని మరీ ఇర్మ్‌ట్రూట్‌ని పట్టుకోవడానికి బస్సెక్కాడు.

మా స్టాపు దగ్గరపడింది. ఇర్మ్‌ట్రూట్ అద్దంలో అతన్ని సూటిగా చూసింది. మీట నొక్కింది. "ఎర్లెన్‌బ్రోఖ్!" అని కిటికీలు అదిరేలా పిలిచి బస్సు ఆపింది.

అతను లేచాడు. "చాలు. మీ ఉద్యోగం పోయింది. ఈ క్షణమే దిగండి."

"దిగుతాను. నా సొంతూరే కదా," అంటూ లేచింది. "గెర్డా, కత్తెర ఇలా ఇవ్వు."

కరక్! సగం టై ఆమె చేతిలోకి వచ్చింది. బస్సంతా గొల్లున నవ్వింది. ఆమె తాళం చెవి జేబులో వేసుకుని దిగింది. వెనకాలే నేనూ దిగాను. ఆ వెనక, ఇంకా నాలుగు ఊళ్ళ అవతల దిగాల్సిన వాళ్ళు కూడా కార్నివాల్‌కి కట్టిన వేషాలతో బిలబిలా దిగిపోయారు.

ఖాళీ బస్సులో ఫోల్కెర్ట్స్ ఒక్కడే మిగిలాడు. అతనికి బస్సు తోలడం రాదు. వెనక ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. ఫోన్ చేశాడు. డిపో వాళ్ళంతా పొద్దుటి నుంచీ బీరు తాగుతున్నారట.

చివరికి మొహం ఎర్రబడిపోయి మెట్లమీదికి వచ్చాడు. "అమ్మా, దయచేసి బస్సు తీయండి. మీ ఉద్యోగం మీదే, హెచ్చరికలు కూడా రద్దు చేస్తాను."

"తీస్తాను. ముందు ఇది చెప్పండి సారూ, ఇప్పుడు మీరు ఏ ఊళ్ళో నిలబడి ఉన్నారు?"

"ఎర్లెన్‌బ్రో..."

"గట్టిగా! గొంతు గీరుకోవాలి."

"ఎర్లెన్‌బ్రోఖ్!" అని అరిచాడు, దగ్గొచ్చేలా.

"ఎక్కండర్రా," అంది ఇర్మ్‌ట్రూట్ మావైపు తిరిగి.

నేను కూడా మళ్ళీ ఎక్కాను, మా ఇల్లు ఎదురుగా ఉన్నా సరే. ఆ తర్వాతి నాలుగు ఊళ్ళ పేర్లూ ఆమె గొంతుతోనే విన్నాను.