బానెట్ మీది మచ్చ

నాకు పని నేర్పిన మా ఉస్తాద్ పోయి పద్దెనిమిది రోజులైంది. సూర్యాపేట నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "బిడ్డా, మీ ఉస్తాద్ లేడిగ" అన్నది. అప్పుడు నేను కోదాడలో నా షాపులో ఒక కారుకు పాలిష్ పడుతున్నాను. మిషన్ ఆపాను. ఏం చెయ్యాలో తోచక వైరు చుట్టి పక్కన పెట్టి బస్టాండుకు పోయాను.

ఆయన ముప్పై ఏళ్లు కార్లకు పాలిష్ పట్టాడు. ఆయన మంచితనం గురించి చెప్పేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను రాయడానికి వేరే కారణం ఉంది. చివరి రెండేళ్లు ఆయన పేరు మీద ఒక మచ్చ ఉండింది. అది నేను పెట్టింది. ఇది చదివేవాళ్లలో సూర్యాపేటవాళ్లుంటే ముఖ్యంగా వాళ్లకే చెబుతున్నాను.

ఆయన షాపు పక్కన నేను కార్లకు సీటు కవర్లు కుట్టేదాన్ని. "కుట్టు సక్కగ వేస్తున్నవ్, చేతిల ఓపికున్నది. పాలిష్ నేర్సుకోరాదు?" అని ఆయనే అడిగాడు. ఆడమనిషికి ఈ పనేంటని నవ్వినవాళ్లకు జవాబు చెప్పకుండా నా చేతికి గుడ్డ ఇచ్చాడు. ఆర్నెల్లు మిషన్ ముట్టనివ్వలేదు. కార్లు కడగడం, ట్యూబులైటు కింద గీతలు వెతకడం, ఇదే పని. సిమెంటు ఫ్యాక్టరీలున్న మేళ్లచెరువు నుంచి వచ్చే కార్ల మీద ఆ దుమ్ము ఉంటుంది. ఓనర్లు పొద్దున్నే దాన్ని పొడిగుడ్డతో తుడిచి శుభ్రం చేశామనుకుంటారు. నిజానికి అది గరుకు కాగితం పెట్టి రుద్దడమే. రంగు పైన ఉండే పారదర్శకమైన పొరను ఉస్తాద్ మీగడ అనేవాడు. "గీతలు తీసుడంటే మీగడ తీసుడే బిడ్డా. పాల మీదైతే మళ్ల కడ్తది. దీని మీద కట్టది" అనేవాడు.

ఆయన మిషన్ పాతది, బరువైనది, గిర్రున ఒకేచోట తిరిగేది. రెండేళ్ల కిందట ఒకరోజు మిర్యాలగూడ నుంచి రిటైరైన సారు ఒకాయన నల్ల కారు తెచ్చాడు. ఉస్తాద్ అన్నానికి ఇంటికి పోతూ, "అంచులకు టేపు ఎయ్యి, ఆడ మీగడ పల్సగుంటది. నేనొచ్చేదాక మిషన్ ముట్టకు" అన్నాడు. టేపు వేశాను. ఆయన వచ్చేలోగా బానెట్ మెరిపించి చూపిస్తే ఎంత మెచ్చుకుంటాడో అనిపించింది. టేపు కింద గీతలు మిగిలిపోతాయని దాన్ని కూడా పీకేశాను. అంచు దగ్గర మిషన్ ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది. కాలిన వాసన వచ్చింది. రూపాయి బిళ్ళంత మేర మీగడ పోయి, కింద రంగు పాలిపోయింది.

ఉస్తాద్ వచ్చి చూశాడు. నన్ను తిట్టలేదు. సాయంత్రం సారు రాగానే, "సార్, నా చెయ్యి జారింది. మళ్ల రంగేపిస్త" అన్నాడు. సారు కాసేపు చూసి, "ఉండనియ్యి" అని కారు తీసుకుపోయాడు. నేను చేతిలో గుడ్డతో అక్కడే నిలబడి ఉన్నాను.

మాట ఊరంతా పాకింది. ముసలాయనకు కండ్లు ఆనుతలేవట అన్నారు. కొత్త కార్లవాళ్లు వేరే షాపులు చూసుకున్నారు. నేను నిజం చెప్పేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నాది ముప్పై ఏండ్ల పేరు, జర గీసుకపోతే ఏం గాదు. నువ్వింక పేరు తెచ్చుకోనే లేదు. ఇది తెలిస్తే నీకు ఎవడన్న కారిస్తడా?" అన్నాడు. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది కాబట్టి విన్నాను. సిగ్గుగా ఉన్నా ఇది నిజం.

కోదాడలో షాపు పెట్టుకునేటప్పుడు మిషన్ ఎంచడానికి ఆయన కూడా వచ్చాడు, చంకలో ఒక పాత కారు తలుపుతో. "తలుపొక్కటే వస్తున్నది, కారేది పెద్దమనిషీ?" అని కండక్టర్ అడిగితే బస్సంతా నవ్వింది. "మిషన్ కొనడానికి డోరెందుకండీ?" అన్నాడు కోదాడలో మిషన్లమ్మే షాపతను. "ఫోటో జూసి పెండ్లి జేస్కుంటరా?" అన్నాడు ఉస్తాద్. తలుపును బల్ల మీద పెట్టించి, చాయ్ తెప్పించుకుని, తను అది తాగేదాకా నన్ను మిషన్ నడపమన్నాడు. ఆయన లెక్కకు చాయ్ అయ్యేలోపు చెయ్యి వంగితే ఆ మిషన్ మనది కాదు. తిరుగుడు మిషన్‌తో సగం చాయ్‌కే నా మణికట్టు వంగింది. రెండోది తిరుగుతూనే పక్కలకు ఊగే రకం. పని నెమ్మది, కానీ ఒక్కచోట అంత వేడి పుట్టించదు. చాయ్ అయిపోయినా నా చెయ్యి నిలిచింది. అదే తీసుకోమన్నాడు. నాకు రోషం వచ్చింది.

"మళ్ల కాలబెడతననే గదా ఇది ఇప్పిస్తున్నరు?" అన్నాను.

"నేను కాలబెట్టినన్ని బానెట్లు నువ్వు సూడనన్న సూడలే. తిరుగుడు మిషన్ పని తొందరగ జేస్తది, తప్పు గూడ తొందరగ జేస్తది. నాకంటే అలవాటైంది. నీకెందుకు ఆ తొందర?" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఊగుడు మిషన్‌తోనే బతుకుతున్నాను.

ఉస్తాద్‌ను మట్టి చేసిన రోజున షామియానా కింద ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను. "మంచోడే, గని ఆఖరికి చెయ్యి పోయింది" అంటున్నారు. అక్కడ కూడా నేను నోరు తెరవలేదు. తిరుగు బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది.

పోయిన ఆదివారం మిర్యాలగూడ పోయాను. సారు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కనే కారు, దాని మీద మచ్చ అట్లాగే ఉంది. నిలబడే చెప్పాను.

"సార్, ఆ దినం జారింది ఉస్తాద్ చెయ్యి గాదు. నాది."

సారు లేచి బానెట్ దగ్గరికి వచ్చాడు. "రంగేపిస్తనని నాలుగుసార్లు ఫోన్ జేసిండమ్మా. నేనే వద్దన్న. ఎంతమందితోని పని చేపిచ్చుకున్ననో, తప్పు నాదే అన్నోడు ఆయనొక్కడే. గందుకే ఉంచుకున్న" అన్నాడు. మచ్చను వేలితో తడిమి, "ఇగ ఇద్దరైన్రు" అన్నాడు.

రంగు నేను వేయిస్తానన్నాను. వద్దన్నాడు. మచ్చకు అటొకరం ఇటొకరం నిలబడ్డాం. ఎండకు ఆ నల్లటి బానెట్‌లో ప్రహరీ గోడ, కరెంటు తీగలు, మా ఇద్దరి మొహాలు కనిపిస్తున్నాయి. మచ్చ ఉన్నచోట మాత్రం ఏమీ కనిపించడం లేదు.