బస్తాలకు తీసే గడప

మా మేనమామ కూతురిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. దాని పొడుగాటి జడ చూసి కాదు, చీరలు చూసి కాదు, చివరికి దాని కాళ్ళు చూసి కూడా కాదు. అది లైబ్రరీకి పోయి వచ్చేది. అదే నా కడుపుమంట.

అప్పటికి మా బీదరు మైసూరు రాష్ట్రంలో ఉండేది. చిన్నప్పుడే పోలియో వచ్చి నా రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. నాయిన హైదరాబాదు నుంచి చక్రాల కుర్చీ తెప్పించాడు. గంజ్ బజారులో మా పప్పుల దుకాణం దాకా నా చక్రాలు నేనే తిప్పుకుంటూ పోయేదాన్ని. ఎవరైనా వెనక చెయ్యి వేస్తే కసురుకునేదాన్ని. దుకాణానికి చెక్క గడప ఉండేది. బస్తాల బండి వచ్చినప్పుడు హమాలీలు దాన్ని గాడిలోంచి పైకి లాగి గోడకు ఆనించేవాళ్ళు. ఆ సందులో బండి వెనకే నేనూ లోపలికి దూరేదాన్ని.

లైబ్రరీ మెట్ల ముందు మాత్రం నా పౌరుషం చెల్లేది కాదు. మేనమామ కూతురు ఊరి పక్కనున్న చిద్రి నుంచి వచ్చి, లోపలికి పోయి, నాకోసమని తనకు తోచిన పుస్తకం పట్టుకొచ్చేది.

"ఇది మస్తుంటది వదినె, సదువు," అనేది. ఒక ఈడు వాళ్ళం కాబట్టి ఇద్దరం ఒకరినొకరు వదినె అనే పిలుచుకునేవాళ్ళం.

మస్తుంటదట! దానికి నచ్చింది నేను చదవాలి. బీరువా ముందు నిలబడి, ఒకటి తీసి, రెండు పేజీలు తిప్పి, మూతి విరిచి మళ్ళీ లోపల పెట్టేసే భోగం దానిది. నాకు మిగిలింది దాని చంకలో నలిగి వచ్చిన పుస్తకం. ఎంత బాగున్నా "ఏం బాగలేదు" అని తిరిగి ఇచ్చేదాన్ని.

లైబ్రరీకి కొత్త హాలు కడుతున్నారని, ఆ కమిటీలో నాయిన ఉన్నాడని తెలిసిన రోజు అన్నం ముందు మొండికేశాను. మెట్ల పక్కన వాలు కట్టిస్తానంటేనే ముద్ద ముడతానన్నాను. నాయిన కట్టించాడు. గోదాముల్లో బండ్లు ఎక్కడానికి వాలు కట్టే మేస్త్రీనే పిలిపించి, చక్రం జారకుండా గరుకుగా పోయించాడు. పాపం, ఎండలో దగ్గరుండి కట్టించాడు.

హాలు తెరిచే రోజు పట్టుచీర కట్టుకుని పోయాను. వాలు మీద ఎవరి చెయ్యీ పడనివ్వకుండా పైదాకా ఎక్కాను. ఎక్కి ఆగిపోయాను. తలుపు కింద కొత్త రాతి గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చల్లి ఉంది. గడప లేని గుమ్మం అరిష్టమని ముందు రోజే నాయిన పూజ చేయించి మరీ పెట్టించాడట. వాలు కట్టించిన మనిషే!

మేనమామ కూతురు ఆ గడప దాటి లోపలికి పోయి, వెనక్కి తిరిగి చేతులు చాచింది.

"రా వదినె, ఎత్తుకుంట."

ఎత్తుకుంటదట, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు, ఊరందరి ముందు! "నన్ను ముట్టుకోకు," అని అరిచాను. అందరూ మా వైపు తిరిగారు.

నాయిన నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "గడప లేకుంటే ఎట్ల బిడ్డా? సరస్వతి ఉండే జాగ."

"మన దుకాణంల లక్ష్మి లేదా నాయినా? బండి వస్తే గడప పీకి పక్కకు పెడ్తరు గదా. పప్పు బస్తాకు తీసే గడప నాకు తియ్యరా?"

ఆ రోజు లోపలికి పోకుండానే ఇంటికి తిరిగి వచ్చాను. కొన్నాళ్ళకు నాయినే రాతి గడప తీయించి, దాని చోట మా దుకాణంలో లాంటిదే చెక్క గడప పెట్టించాడు.

ఆ గడప పెట్టిన రోజే పోయాను. అటెండరు గడప పైకి లాగి పక్కన పెట్టాడు. బీరువాల మధ్య ఇష్టమొచ్చినంత సేపు తిరిగాను. తీశాను, పేజీలు తిప్పాను, మూతి విరిచి మళ్ళీ పెట్టాను. చివరికి ఒక ఎర్ర అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బయటికి వచ్చేసరికి, మేనమామ కూతురు వాలు కింద నిలబడి ఉంది.

"చూడు, నేనే తీసిన," అంటూ పుస్తకం దాని ముఖం ముందు ఆడించాను. ఏడిపిద్దామనే. అది నిజంగానే ఏడ్చింది.

"నీకేంది వదినె, నీ అంతట నువ్వు పోతవు. నీకు పుస్తకం తెస్తనని చెప్తేనే మా నాయిన నన్ను బయటికి పోనిస్తుండె. ఇగ పనేముంది, ఇంట్ల కూసో అన్నడు. నీ అసుంటి నసీబు నాకేడిది?"

నన్ను చూసి ఇంకొకరు కుళ్ళుకోవడం నా జన్మలో అదే మొదలు. అలాంటి రోజు కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో! తీరా వస్తే దాని కళ్ళలోకి చూడలేకపోయాను.

మర్నాడే మామకు కబురు పంపాను. వాలు ఎక్కడం నా వల్ల కావడం లేదనీ, వెనక నుంచి తొయ్యడానికి ఇంటి మనిషి ఉంటే తప్ప లైబ్రరీకి పోలేననీ చెప్పించాను.

సాయంత్రం అది వచ్చి కుర్చీ వెనక చెయ్యి వేసింది. నేను చక్రాల మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.