పదకొండు నిమిషాల చెయ్యి

రంగుల మేస్త్రి పోయి ఏడు నెలలైనా వీధిలో ఆయన భార్యను ఇంకా మేస్త్రమ్మ అనే పిలుస్తున్నారు. ఆమె జన్మలో కుంచె పట్టి ఎరగదు. కానీ ఆయన బట్టల మీద, గోళ్ళ సందుల్లో, చివరికి స్నానాల గదిలో సబ్బు మీద కూడా ఏదో ఒక రంగు ఉండేది కాబట్టి, పట్టకపోయినా పట్టినట్టే.

మేస్త్రి పద్నాలుగో ఏట గోడలు గీకే పనిలో చేరాడు. గీకడం వచ్చాక గోడ గుంటలు పూడ్చే లప్పం పెట్టడం, లప్పం వచ్చాక కుంచె. ఎవరింటికి రంగు వెయ్యాలన్నా ముందు దాన్ని తన ఇంటి వెనకగది గోడ మీద అరచెయ్యి మేర పూసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకునేవాడు. ముప్పై ఏళ్ళకు ఆ గోడ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ ముక్కలతో నిండిపోయింది. తన ఇంటి ముందుగది మాత్రం పాత సున్నంతోనే మిగిలింది.

“ఊరందరి గోడల్నీ నవ్వించి మన గోడను ఏడిపిస్తున్నావేమయ్యా” అనేది ఆమె.

ఆయన బెల్లం కొట్టిన రాయిలా ఊరుకునేవాడు. మరీ పోరితే “వచ్చే నెల” అనేవాడు. ఒక మధ్యాహ్నం పని దగ్గర మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు. ఆ నెల ఇక రాలేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. పుట్టిన దగ్గర్నుంచి ఏదో ఒక చప్పుడు చెయ్యనిదే ఉండదని తండ్రే దానికి పిచ్చిక అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాని బతుకుతెరువూ చప్పుళ్ళే. పిల్లలు వినే కథలకు వానలు, తలుపులు, గుర్రాలు తయారు చేసి పంపుతుంది. ముందుగదిలో ఒక బల్ల, ఒక లాప్‌టాప్, రెండు స్పీకర్లు, అదే దాని కార్ఖానా.

ఒకరోజు పొద్దున మేస్త్రమ్మ ఉతికిన బట్టలు మడత పెడుతుంటే ముందుగదిలోంచి గాలి వినిపించింది. ఖాళీ ఇంట్లో కిటికీ సందులోంచి దూరే గాలి. లేచి, తగ్గి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ లేస్తోంది.

“ఈ గాలి ఎక్కడ పట్టావే?” అంది గుమ్మంలోంచి.

పిచ్చిక శబ్దం ఆపేసింది. “గాలి నాదేనమ్మా. దాన్ని నడిపిస్తున్నది నాన్న.”

తల్లి చేతిలో దుప్పటి సగం మడతలో ఆగింది.

పిచ్చిక కూర్చోబెట్టి చెప్పింది. తన వాచీకి చెయ్యి ఎటు తిరిగినా తెలుస్తుంది. ఆ కదలికను లాప్‌టాప్‌లో ఉన్న సంగీతం సాఫ్ట్‌వేర్‌కు పంపుతుంది. ముంజెయ్యి నిలబెడితే స్వరం సన్నబడుతుంది, పడుకోబెడితే బొంగురుపోతుంది. మణికట్టు తిప్పితే మూసుకున్న గొంతు విప్పుకున్నట్టవుతుంది. గుంజితే అదురుతుంది. కదలిక ఒక్కదాన్నే దాచుకుని, తరవాత ఏ శబ్దాన్నైనా దాని వెంట నడిపించుకోవచ్చు. వాచీ కొత్తగా కొన్నప్పుడు ఒక ఆదివారం తండ్రి కుడిచేతికి కట్టి, “నాన్నా, ఏదో ఒక పని చేస్తూ ఉండు” అని చెప్పి తను దుకాణానికి వెళ్ళింది. వచ్చేసరికి వాచీ విప్పి బల్ల మీద పెట్టి ఉంది.

“ఏం చేశావు నాన్నా అంటే ‘ఏదో’ అన్నాడు. పదకొండు నిమిషాలుంది. ఇన్నాళ్ళూ తెరవడానికి చెయ్యాడలేదు. కథలో గాలి కావాలన్నారు. నాన్న చెయ్యైతే బాగుంటుందనిపించింది. ఎల్లుండి పంపాలి.”

“ఏం చేస్తున్నాడో తెలియకుండానే పంపేస్తావా?”

“తెలిసే దారేదీ?”

“ఆ వాచీ ఇటివ్వు” అంది మేస్త్రమ్మ. “గోడకు రంగేస్తూ ఉంటాడు. ఇంకేం చేస్తాడు?”

వెనకగదిలోకి వెళ్ళింది. నిచ్చెన మెట్టుకు వేలాడుతున్న పాత గుడ్డపేలికల తాడు మొహానికి తగిలితే పక్కకు నెట్టి, మూల ఉన్న రోలర్ తీసుకుంది. వాచీ కట్టుకుని, పొడి రోలర్‌తో ముందుగది గోడకు కింద నుంచి పైకి, పై నుంచి కిందికి ఉత్తుత్తి రంగు వేసింది. లాప్‌టాప్‌లో గాలి పొడుగ్గా సాగింది. పిచ్చిక తండ్రిది పెట్టి వినిపించింది. ఎక్కడా పోలిక లేదు.

ఎదురింటి టైలరమ్మ చేతిలో జాకెట్టుతో వచ్చి గుమ్మంలో కూర్చుంది. “ఏంటి వదినా, అన్నయ్య పనిలోకి దిగావా? మా ఇంటికి కూడా ఇలాంటి రంగే వెయ్యి, చెయ్యి కడుక్కునే పనైనా ఉండదు.”

సంగతి విన్నాక సూది జాకెట్టుకు గుచ్చి, తనూ చెవి ఒగ్గింది. “ఉప్పుకాగితం రుద్దుతున్నాడేమో.”

రుద్దారు. గాలి గుర్రంలా సకిలించింది. డబ్బాలో రంగు కలిపినట్టు కర్ర తిప్పారు. గాలి గుండ్రంగా తిరిగింది. లప్పం పెట్టే రేకుతో గీశారు. బూట్లు తుడిచారు. కత్తి నూరారు.

“పదకొండు నిమిషాలు దోమల్ని కొట్టాడేమో వదినా” అంది టైలరమ్మ.

మేస్త్రమ్మకు ఏడు నెలల తరవాత నవ్వొచ్చింది. వచ్చినందుకు తనకే వింతగా అనిపించి కొంగుతో మూతి తుడుచుకుంది.

మర్నాడు పొద్దున ఇంటి పని ముగించుకుని మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. “ఆ గాలీ గీలీ తగ్గించి నెమ్మదిగా పెట్టు. మొదటి నుంచీ.”

కళ్ళు మూసుకుని వింది. చెయ్యి నిలువుగా ఉంది. ఒక తిప్పు, ఒక ఆగు. ఒక తిప్పు, ఒక ఆగు. అప్పుడప్పుడు కిందికి ఒక గుంజు.

“ఆగినప్పుడు ఊరికే లేదే ఇది” అంది. “రెండో చెయ్యి పని చేస్తోంది. దాని వంతు అయ్యేదాకా ఇది చూస్తోంది. రెండు చేతుల పని.”

పిచ్చిక లాప్‌టాప్ తెర మీద ఆ కదలిక గీతలు చూపించింది. “ఇక్కడ చూడు. కొంచెం దూరం పోయాక గబగబా అదురు. మళ్ళీ మొదటికొచ్చింది. ఇలా నాలుగుసార్లుంది. ఐదోసారి చివరిదాకా పోయింది.”

మేస్త్రమ్మ కళ్ళు తెరిచింది. ముప్పై ఏళ్ళు ఆయన పని చూసిన కళ్ళవి. గోడ మీద ఆయన చెయ్యి ఎన్నడూ వెనక్కి రాలేదు. ఒకసారి పూసిన చోటును మళ్ళీ ముట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే అనేవాడు.

“మనం ఆయనకొచ్చిన పనులన్నీ వెతికామే పిచ్చికా” అంది నెమ్మదిగా. “ఇది వచ్చిన పని కాదు. చేస్తున్నాడు, చెడుతోంది, విప్పుతున్నాడు, మళ్ళీ చేస్తున్నాడు. నేర్చుకుంటున్నాడు. అది ఏ ఆదివారమో చెప్పగలవా?”

పిచ్చిక తారీఖు చూసి చెప్పింది.

ఆ రోజుల్లో మేస్త్రమ్మ కుడిచెయ్యి పిండికట్టులో ఉంది. మెట్ల మీద జారిపడి మణికట్టు విరిగింది. కూతురు చూస్తే చెవులు దాటని జుట్టు మనిషి, జడ అల్లడం దానికి చేతకాదు. మేస్త్రే దువ్వెన పట్టాడు. మొదటి వారం ఆయన వేసిన జడ చూసి టైలరమ్మ “వదిన నెత్తి మీద కాకి కాపురం పెట్టింది” అని వీధంతా వినేట్టు అంది. ఆ తరవాత ఒక సోమవారం జడ ఉన్నట్టుండి తిన్నగా, బిగువుగా కుదిరింది. “ఎవరి దగ్గర నేర్చావయ్యా?” అని ఆమె అడిగితే “అదే వచ్చింది” అన్నాడు.

మేస్త్రమ్మ లేచి వెనకగదిలోకి వెళ్ళింది. కూతురు వెనకాలే వచ్చింది. నిచ్చెన మెట్టుకు గుడ్డపేలికల తాడు అలాగే వేలాడుతోంది. ఏడు నెలలుగా దుమ్ము దులుపుతూ, కుంచెలు కట్టుకునే తాడనుకుంది. ఇప్పుడు దగ్గరికి తీసి చూసింది. రంగు తుడిచిన మూడు పేలికలు, ఒకటి నీలం మరకలది, ఒకటి పసుపు, ఒకటి తెలుపు. మూడు పాయలుగా అల్లి, చివర దారంతో ముడి వేసి ఉంది.

పిచ్చిక చెయ్యి చాచింది. “విప్పి నువ్వు అల్లి చూడు, సరిపోతుందో లేదో తెలుస్తుంది.”

“చెయ్యి వేశావంటే ఊరుకోను” అంది తల్లి.

పాత చీర చించి మూడు పేలికలు తీసి, పక్క మెట్టుకు కట్టింది. వాచీ కట్టుకుంది. పిచ్చిక లాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని గోడ వారన, ఆ రంగుల ముక్కల కింద కూర్చుంది. మేస్త్రమ్మ అల్లడం మొదలుపెట్టింది. ఒక తిప్పు, ఒక ఆగు. అదే గాలి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“అదేనమ్మా. కానీ నీది పరుగులు పెడుతోంది.”

“ఆయన ఐదోసారి చేసింది పక్కనే పెట్టు. రెండూ కలిపి.”

పేలికలు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. స్పీకర్లో ఆయన తిప్పాడు, ఆమె తిప్పింది. ఆయన రెండో చెయ్యి తడుముకుంటున్నంతసేపు ఆమె పాయ పట్టుకుని నిలబడింది. అయిదేళ్ళ వయసులో నేర్చిన పని, కళ్ళు మూసుకుని చేసే పని. దాన్ని ఆయన అడుగుకు తగ్గట్టు ఆగి ఆగి చేసింది. చివర్లో రెండు చిన్న అదుర్లు వినిపించాయి. అవి దారం ముడి. ఆమె కూడా కొంగు కొసన ఊడిన పోగు తెంపి ముడి వేసింది.

పిచ్చిక లాప్‌టాప్ మూస్తూ అంది, “ఇది గాలికి పనికిరాదమ్మా ఇక. కథవాళ్ళకు వేరే గాలి చేసి పంపుతాను.”

“ఎందుకు? ఇదే పంపు.”

“నిన్న తెలియకుండా పంపొద్దన్నావు.”

“ఇప్పుడు తెలిసిందిగా. వినే పిల్లలకు గాలే అనుకోనీ.” మేస్త్రమ్మ వాచీ విప్పి కూతురి చేతిలో పెట్టింది. “అంతా పంపు. చివరిది బాగుందని మొదటి నాలుగూ కొయ్యకు.”