బంపర్‌కు బిగించిన కొక్కెం

తొంభైల్లో ఢిల్లీ నుంచి కుమావూ కొండల దాకా చక్రాల ఇంటిని లాక్కుంటూ వెళ్ళిన మొదటి తెలుగువాణ్ణి నేనే. పాలంలో మా కాలనీ వాళ్ళను అడగండి, ఇప్పటికీ చెబుతారు. మలుపుల్లో నా చిన్న జీపు ఎలా రొప్పిందో, లోయ అంచున ట్రైలర్ ఎలా ఊగిందో నేను వర్ణిస్తుంటే పక్క క్వార్టర్ల వాళ్ళు టీ చల్లారబెట్టుకుని మరీ వినేవారు.

నిజానికి మేము హాపూర్ దాటి అరగంట కూడా పోలేదు. కొండలు కనిపించనే లేదు.

ఇంకొకటి కూడా ఇప్పుడే ఒప్పుకుంటాను. సైన్యంలో ఇరవై రెండేళ్ళు బళ్ళ వర్క్‌షాపులో పనిచేశానని అందరికీ చెప్పుకున్నాను. పనిచేసిన మాట నిజమే, కాకపోతే స్టోర్ గుమాస్తాగా. ఏ సామానుకు ఏ నంబరో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అది బండిలో ఎక్కడ కూర్చుంటుందో ఎవరూ అడగలేదు, నేనూ వంగి చూడలేదు.

నా భార్యకు ఉబ్బసం. రిటైరై పాలంలో స్థిరపడ్డాక అది ముదిరింది. దీపావళి పొగతో మొదలైతే ఫిబ్రవరి దాకా ఆమెకు వెన్ను వాల్చే యోగం లేదు, దిళ్ళకు ఆనుకుని కూర్చునే నిద్ర. "ఇంకో చలికాలం ఈ గాలిలో ఉంచకండి, తట్టుకోలేరు" అన్నాడు డాక్టరు. మా కాకినాడ తేమ ఆమెకు అసలే పడదు. అంతకు ముందు సంవత్సరం కొండల్లో ఒక లాడ్జీకి తీసుకెళ్తే రెండో రోజే ఖాళీ చేయించారు. ఆ దగ్గు విన్నవాళ్ళు ఉబ్బసం అనుకోరు, క్షయ అనుకుంటారు. ఆ కొండల కింద హల్ద్వానీ దగ్గర లీచీ తోట ఉన్న నా పాత సైనిక మిత్రుడు కూడా, "తోటలో ఎన్నాళ్ళయినా ఉండండి భాయ్, ఇంట్లో మాత్రం పసిపిల్ల ఉంది" అన్నాడు.

అందుకని ఇంటినే తీసుకెళ్దామనుకున్నాను. మిలిటరీ వేలంలో దొరికిన రెండు చక్రాల ట్రైలర్ మీద ప్లైవుడ్ గది కట్టించాను. లోపల ఒక మంచం, జాలీ కొట్టిన కిటికీ, స్టవ్వుకు బల్ల. కర్టెన్లు ఆమే కుట్టింది. అవి జానెడు పొడవయ్యాయి. "పోనీలెండి, ఎదిగే ఇల్లు" అంది. ఆ నెలంతా ఆమె నవ్విన నవ్వు అదొక్కటే నాకు గుర్తుంది.

ఇక మిగిలింది జీపు వెనక ట్రైలర్‌ను తగిలించే కొక్కెం. మాయాపురిలో పాత బళ్ళు విప్పే చోట ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. కొక్కెం నేనే ఎంచాను. నాలుగు బోల్టులు, నాలుగు నట్లు, నాలుగు వాషర్లు, నా స్టోర్ రిజిస్టరులో ఎలా ఉండేవో అలాగే, ఒక్కటి తగ్గకుండా. మిస్త్రీ జీపు కిందికి దూరి చూసి బయటికి వచ్చాడు.

"ఫౌజీ సాబ్, దీని బంపర్ ఉత్త రేకు. దీనికి బిగిస్తే చీరుకుపోతుంది. లోపల ఛాసిస్ చట్రానికి మందపాటి ప్లేటు వేసి దానికి బిగించాలి. ప్లేటు కోయించాలి. రెండు రోజులు ఆగండి."

దీపావళి ఇంకా నాలుగు రోజులే ఉంది. అప్పటికే పక్క వీధుల్లో కాల్చడం మొదలుపెట్టారు. అదొక కారణం. అసలు కారణం అది కాదు. ఇరవై రెండేళ్ళు నేను రాసిన ఆ పేజీలో ప్లేటు లేదు. అది ఛాసిస్ సామాన్ల కింద ఇంకో పేజీలో ఉండేదని తరవాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం నా పేజీలో లేనిది లోకంలోనే లేదనుకున్నాను.

"ఆర్మీ వర్క్‌షాపు వాడికి నేర్పుతున్నావా మియా? మా ట్రక్కులన్నిటికీ కొక్కెం వెనక బంపర్‌కే ఉండేది."

"ఆ ట్రక్కు వెనక ఉండేది దూలం సాబ్. ఇది రేకు."

"చెప్పింది చెయ్యి."

"ఠీక్ హై సాబ్" అని అతను పాన అందుకున్నాడు.

మర్నాడు ఉదయం బయల్దేరాం. ఆమె నా పక్కన శాలువా కప్పుకుని కూర్చుంది. గంగ వంతెన దగ్గర ఆగి టీ కాచుకోవాలని ఆమె కోరిక. అంత దూరం పోలేదు. హాపూర్ దాటాక రైలు గేటు దగ్గర పట్టాల మీద జీపు ఎగిరి దిగింది. వెనక బట్ట చింపినట్టు ఒక చప్పుడు. జీపు ఒక్కసారిగా తేలికైంది.

నేను దూకి భుజం అడ్డం పెట్టి ట్రైలర్‌ను ఆపబోయానని చాలాసార్లు చెప్పాను. లేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ముందు దిగింది ఆమే. అప్పటికి ట్రైలర్ గట్టు దిగి చెరకు తోట పక్క కాలవలో తిరగబడింది. ప్లైవుడ్ గది అట్టపెట్టెలా నలిగిపోయింది. కొక్కెం, నాలుగు బోల్టులు, వాటి చుట్టూ బంపర్ రేకు ముక్క, అన్నీ ట్రైలర్‌కే అంటుకుని ఉన్నాయి. బోల్టు ఒక్కటి కూడా కదల్లేదు.

ఆమె ఆయాసపడుతూ గట్టు మీద కూలబడి, "ఏమైందండీ?" అంది.

"మిస్త్రీ మోసం చేశాడు" అన్నాను.

అంత త్వరగా ఎలా వచ్చిందో ఆ మాట.

కాలనీలోనూ అదే చెప్పాను. పక్కింటి హవల్దారు మాయాపురికి పోయి అతన్ని నలుగురిలో తిట్టి వచ్చాడు. మూడో రోజు మిస్త్రీ సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. జీపు వెనక కూర్చుని చిరిగిన అంచును వేలితో తడిమి చూశాడు. నా భార్య గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది.

"భయ్యా, కాయ్‌కో ఐసా కియా? మేరా సాఁస్ ఉసీ పే థా భయ్యా" అంది, తనకు వచ్చిన హిందీలో. ఎందుకిలా చేశావు, నా ఊపిరి దాని మీదే పెట్టుకున్నానయ్యా అని.

అతను నా వైపు చూశాడు. నేను చెప్పులు చూసుకున్నాను.

"గల్తీ హో గయీ, బెహన్‌జీ. మాఫ్ కర్నా" అన్నాడతను, తప్పయిపోయింది, క్షమించమని.

వీధి చివరి దాకా వెంట వెళ్ళి, అలా ఎందుకన్నావని అడిగాను. అతను సైకిలు ఆపలేదు, నడిపిస్తూనే చెప్పాడు. "నా మీద కోపమైతే నేను వెళ్ళిపోతాను సాబ్. మీ మీదైతే చలికాలమంతా ఆమె ఆ గదిలో మీతోనే కదా ఉండాలి."

ఆ చలికాలం కిటికీలకు తడి దుప్పట్లు కట్టాను. అవి సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేవి. పిండితే నల్లనీళ్ళు. ఆమె మాట రానురాను సగానికి తెగేది. నిజం చెప్పడానికి నాకు అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా సమయం దొరికింది. రోజూ దగ్గరే కూర్చునేవాణ్ణి, వీపు రాసేవాణ్ణి, కాకినాడ కబుర్లు చెప్పేవాణ్ణి. అది మాత్రం చెప్పలేదు.

జనవరిలో, ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందు రోజు, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆగి ఆగి అంది. "వచ్చే ఏడు... కొక్కెం మీరే బిగించండి. పరాయివాళ్ళను నమ్మొద్దు. ఆ మిస్త్రీ దగ్గరికి... ఎవరినీ పోనివ్వకండి. హవల్దారు గారికి చెప్పండి. ఇంకొకరి ప్రాణం మీదికొస్తుంది."

"చెబుతాను" అన్నాను.

ఆసుపత్రిలో మూడు రోజులే ఉంది. శ్మశానం నుంచి వచ్చిన సాయంత్రం హవల్దారు మా గుమ్మంలో కూర్చుని, ఆఖరున ఏమైనా అన్నారా అని అడిగాడు. ఆ మిస్త్రీ దగ్గరికి ఎవరినీ పంపవద్దందని చెప్పాను. అతను తల ఊపి, కాలనీలో అందరికీ చెబుతానన్నాడు. చెప్పాడు కూడా.